చెరువుకు ఒక మనిషి కావాలి

(సభకు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చారు మీరు. వార్డు సభ్యులున్నారు, మత్స్య సంఘం వాళ్లున్నారు, మహిళా సంఘాల అక్కలున్నారు, ఆయకట్టు రైతులున్నారు. మొదట ఒక్క మాట అడుగుతాను, మీలో మీరే జవాబు చెప్పుకోండి. మీ ఊరి చెరువు తూము షట్టరు తిప్పే హ్యాండిల్ ఇవాళ ఎవరింట్లో ఉంది?

కొందరు నవ్వుతున్నారు, కొందరు పక్కవాళ్లను అడుగుతున్నారు. అడగాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమైంది కదా. చెరువుకు కట్ట ఉంది, తూము ఉంది, నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే మత్తడి ఉంది, కట్ట కింద మైసమ్మ గుడి ఉంది. దాన్ని రోజూ చూసుకునే మనిషి లేడు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మనిషి గురించే.

తెలంగాణలో ఆయన్ని నీరటి అన్నాం. రాయలసీమలో నీరుగట్టి అంటారు. పేరేదైనా పని ఒకటే. తూము ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలి, అంతా ఆయన చేతిలో ఉండేది. రైతు తన మడికి తాను నీళ్లు కట్టుకోవడం ఉండేది కాదు. ఎందుకో తెలుసా? తన పొలానికి తానే నీళ్లు మళ్లించుకునేవాడు పక్కవాడి గట్టు చూడడు. సొంత పొలం లేని మనిషి కాలువ మీద నిలబడితే తూము దగ్గరి మడికీ చివరి మడికీ ఒకే లెక్క. వాన పడితే అర్ధరాత్రి కట్ట మీదికి పోయేదీ ఆయనే, కట్ట వెనక తడి కనిపిస్తే ఊరిని లేపేదీ ఆయనే. పంట కోతప్పుడు కల్లం దగ్గర ఆయన మేర, అంటే పంటలో ఆయన వాటా, ఆయనకు కొలిచేవాళ్లు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పాతదంతా బంగారమని నేననను. ఆ పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాల మీద వంశపారంపర్యంగా పెట్టారు. ఊరికి నీళ్లిచ్చిన మనిషిని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. కల్లం దగ్గర కొలిచింది కూలి అనుకోలేదు, దయ అనుకున్నారు. అది తప్పు. అందుకే నీరటి పని మళ్లీ కావాలంటున్నాను గానీ, ఆ పద్ధతి మళ్లీ రావాలని అనడం లేదు. ఏ కులంవాళ్లైనా, ఆడైనా మగైనా, ఊరు ఎంచుకున్న మనిషి, నెలనెలా జీతం, రాసుకున్న బాధ్యత. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

మరి ఆ మనిషి ఎటుపోయాడు? 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. నీరట్లు, మస్కూర్లనే ఊరి పనివాళ్లు మెల్లగా గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్‌ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. పని కట్ట మీంచి తహసీల్దారు ఆఫీసుకు మారింది. తెలంగాణలో 2023లో వాళ్లను వేరే శాఖల్లో సర్దుబాటు చేశారు. కొందరు నీటిపారుదల శాఖలో తూములు, కాలువలు చూసే లష్కర్లయ్యారు, మంచిదే. కానీ ఊళ్లో ఉన్నది ఒక్క పెద్ద చెరువే కాదు, దాని మీద కుంటలున్నాయి, కింద ఇంకో చెరువుంది. ఒక్క లష్కరు వానరాత్రి ఎన్ని కట్టల మీద ఉంటాడు? మధ్యలో 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, రైతులే ఎన్నుకునే సంఘాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. సంఘం మంచిదే. అయితే సంఘం మీటింగు పెడుతుంది, తూము దగ్గర పడుకోదు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి కొందరు వినే ఉంటారు. 1369 నాటిది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, తవ్వించిన చెరువు అది. రెండేళ్లు, రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని శాసనంలో ఉంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండని అందులో రాశారు. తీపి నీళ్ల నది, గట్టి నేల, రెండు గుట్టల మధ్య మరీ పొడవు కాని బలమైన రాతికట్ట, లోతైన విశాలమైన కడుపు, దగ్గర్లో రాయి దొరికే చోటు, కింద చదునైన సారవంతమైన పొలాలు. ఇవన్నీ మనం ఊహించగలిగినవే. కానీ అదే వరుసలో ఎవరున్నారో చూడండి. ధర్మం తెలిసిన పాలకుడున్నాడు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడున్నాడు. కట్టడంలో ఆరితేరిన పనివాళ్లున్నారు. పన్నెండింటిలో మూడు అంగాలు మనుషులే! రాయీ మట్టీ ఎంతో, మనిషీ అంతేనని ఆ రోజుల్లోనే రాసిపెట్టారు.

దోషాలు ఆరు చెప్పారు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో తాబేలు వీపులా మెరక, నీళ్లు తక్కువై భూమి ఎక్కువవడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువవడం. ఇంకొకటుంది, జాగ్రత్తగా వినండి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఇవాళ రాజ్యాలు లేవు, నిజమే, కానీ శాఖలున్నాయి. కట్ట, తూము నీటిపారుదల శాఖవి. శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, దాని రికార్డు రెవెన్యూది. చేపలు మత్స్య శాఖ కింద. బతుకమ్మ ఘాటు, కట్ట మీద లైట్లు పంచాయతీవి. మట్టి తీసుకుపోవాలంటే ఇంకొకరి అనుమతి. ఎవరి పని వాళ్లు చేస్తారు. తూములో కట్టె ఇరుక్కుంటే తీసే పని ఎవరిది? ఏ కాగితం మీదా లేదు. ఆరో దోషం ప్రతి చెరువుకూ వచ్చి కూర్చుంది.

ప్రభుత్వం డబ్బు పెట్టలేదా? పెట్టింది. తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్క తేలాయి. పూడిక తీశారు, కట్టలు పోశారు, తూములు కొత్తవి కట్టారు, రైతులు మట్టి తోలుకున్నారు. మంచి పని. కానీ పూడిక ఒకసారి తీస్తే చాలా ఏళ్లు ఆగుతుంది. ఎలుక బొరియ అలా ఆగుతుందా? షట్టరు తుప్పు ఆగుతుందా? అవి ఏటా చేసుకునే పనులు, వాటికి టెండరు ఉండదు.

పూడిక గురించి కూడా ఒక మాట. తూము గడప ఎంత ఎత్తులో ఉందో చూడకుండా దానికంటే లోతుగా తవ్వితే, ఆ గుంతలో నిలిచిన నీళ్లు తూముకు ఎక్కవు. చేపకూ పశువుకూ పనికొస్తాయి, పొలానికి రావు. ఇటుక బట్టీలకోసం ఒకే చోట గుంతలు పెడితే అడుగునున్న బంకమట్టి పొర తెగి నీళ్లు భూమిలోకి దిగిపోతాయి. బావులు నిండాయని కొందరు సంతోషిస్తారు గానీ తూము ముందే ఎండుతుంది. ఇక కట్ట కాలి దగ్గర తవ్వడం మరీ ప్రమాదం. కట్ట బరువును ఆపి నిలబెట్టేది ఆ కాలి దగ్గరి మట్టే. జేసీబీ డ్రైవరుకు గీత గీసి చూపించే మనిషి అక్కడ నిలబడాలి.

ఇప్పుడు అసలు పని. రోహిణి కార్తె దాటకముందే, అంటే మిరుగం రాకముందే, కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. మూడుసార్లు నడవాలి. ఒకసారి కట్ట పైన, ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి వెనక కాలి వెంబడి. వెనక వైపు నడక ఎవరూ నడవరు. తుప్పలు, పాములు, కంపు. కానీ కట్ట తన జబ్బు అక్కడే చెప్పుకుంటుంది.

పైన నడిచేటప్పుడు ఏం చూడాలి? కట్టలో అన్నిటికంటే పల్లం ఎక్కడుందో చూడాలి. ట్రాక్టర్లు దాటే చోట, బర్రెలు దిగే చోట కట్ట అరుగుతుంది. కట్ట ఎత్తు అంటే ఎత్తైన చోటి ఎత్తు కాదు, పల్లపు చోటి ఎత్తే. నీళ్లు అక్కడి నుంచే పొర్లుతాయి. కొలవడానికి ఇంజనీరే కావాలా? మేస్త్రీల దగ్గర సన్నని నీళ్ల పైపు ఉంటుంది, దాంతో మత్తడి గడప నుంచి మట్టం పట్టుకుంటూ రావచ్చు. అంతకంటే తేలిక, చెరువు నిండి మత్తడి దుంకే రోజున నీటి అంచు నుంచి కట్ట పైకి ఎంత మిగిలిందో అక్కడక్కడ కర్రతో కొలిచి రాసుకోవడం. నీళ్లే మట్టం చూపిస్తాయి. పల్లం చోట మట్టి పోయాలంటే ఒకేసారి ట్రాక్టరు బోర్లించి సరిపెట్టకూడదు. పాత మట్టి మీద గడ్డి చెక్కేసి, గీకి, తడిపి, జానెడు మందం పొరలుగా పోసి, ఒక్కొక్క పొరనూ దిమ్మిస కొట్టాలి. గీకకుండా పోస్తే కొత్త మట్టికీ పాత మట్టికీ మధ్య నీళ్లకు దారి దొరుకుతుంది.

తూముకు సరిగ్గా పైన కట్ట కొంచెం కుంగిందా? పళ్లెమంత గుంట కనిపించినా వదిలిపెట్టకండి. మట్టికీ రాతికీ, మట్టికీ కాంక్రీటుకూ ఎంత చేసినా పూర్తిగా అతుకు పడదు. తూము గొట్టం వెంబడి నీళ్లు పాకి మట్టిని లోపల్లోపల తోడేస్తాయి. చాలా గండ్లు తూము పక్కనే పడటానికి కారణం ఇదే.

నీళ్ల వైపు రాతి పేర్పు చూడాలి. ఇళ్లకు రాళ్లు పట్టుకుపోతే అలలకు మట్టి కోస్తుంది. తూము షట్టరును నీళ్లు లేనప్పుడే పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి తిప్పి చూడాలి. మరలకు గ్రీజు రాయాలి. మరలో ఇసుక చేరి బిగుసుకున్నదాన్ని నిండు చెరువులో గడ్డపారతో బలవంతంగా తిప్పితే కడ్డీ వంగుతుంది. ఇక అది తెరుచుకోదు, లేదంటే మూసుకోదు. రెండూ నష్టమే.

ఇక వెనక వైపు. సర్కారు తుమ్మ మొలకలు వేలెడంత ఉన్నప్పుడే పీకేయాలి. చెట్టయ్యాక నరికితే మొద్దు లోపల చీకి, వేరు పోయిన దారి గొట్టంలా మిగులుతుంది. పెద్ద చెట్టును వానల ముందు పెకిలించొద్దు, ఎండాకాలం మొదట్లో తీసి ఆ గుంటను పొరలుగా నింపాలి. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు పైపైన మట్టి కప్పి వదిలేస్తే కుదరదు. దారి వెంబడి తవ్వి, తడి బంకమట్టి పెట్టి కూరాలి. తుప్పలు కొట్టాలి గానీ గడ్డి ఉంచాలి, గడ్డి వానకోతను ఆపుతుంది.

కట్టుకాలువ మరిచిపోకండి. వాగు నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ అది. దాని మీద పొలాలు చేసుకుని పూడ్చేస్తారు, నీళ్లు రాలేదని మళ్లీ అందరం కలిసి వానను తిట్టుకుంటాం.

ఇప్పుడు మత్తడి. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే ఊళ్లో కొట్లాటలు ఇక్కడే వస్తాయి. ఆయకట్టు రైతు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి అడుగు నీళ్లు ఎక్కువ ఆపుతాడు. శిఖంలో సాగు చేసుకునేవాళ్లు తమ పంట మునుగుతుందని మత్తడి గడపే కొడతారు. చేప పోకుండా మత్స్య సంఘం తమ్ముళ్లు జాలీ కడతారు. ఎవరి బాధ వాళ్లది, ఎవరినీ దొంగ అనడానికి లేదు. కానీ నీళ్ల లెక్క వినండి. మత్తడి మీద రెండడుగుల మందం పారే నీళ్లు అడుగు మందం పారేవాటికి రెట్టింపు కాదు, దాదాపు మూడింతలు. మత్తడి పొడవులో సగం జాలీకి పట్టిన చెత్తతో మూసుకుపోతే, అడుగు మందంలో పోవాల్సిన వరద అడుగున్నర దాటి ఎక్కుతుంది. మీ కట్ట పల్లం చోట మిగిలిందే అడుగున్నర అయితే ఏమవుతుంది? నీళ్లు కట్ట దాటుతాయి. మట్టి కట్ట మీంచి నీళ్లు పొర్లాయంటే ఇక ఆగేది లేదు.

2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వరదల్లో మోరంచపల్లి మునిగింది. అంత వాన ఏ చెరువు మత్తడి లెక్కలోనూ లేదు, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీళ్లు ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. పై ఊరి నుంచి కింది ఊరికి ఒక్క ఫోన్ పోతే పశువులనైనా విప్పుకుంటారు. ఆ ఫోన్ ఎవరు చేయాలి? పై చెరువు నీరటి దగ్గర కింది చెరువు నీరటి నంబరు ఉండాలి. అంతే పని, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

జాలీ విషయానికొస్తే, మత్స్య సంఘంతో మాట రాసుకోవచ్చు. మత్తడి అంచు మీద కాకుండా, కింద నీళ్లు నెమ్మదించే చోట కట్టాలి. చెత్త పొద్దున, సాయంత్రం తీయాలి. పెద్ద వాన హెచ్చరిక వస్తే ముందే విప్పేయాలి. దానికి బదులు రైతులు కూడా ఒకటి ఒప్పుకోవాలి, యాసంగి, అంటే రబీ, చివర చెరువును అడుగంటా తోడకుండా చేప బతికేటన్ని నీళ్లు ఉంచాలి.

వరద రాత్రి కట్ట వెనక ఊట కనిపిస్తే ఏం చేస్తారు? వెనక కూర్చున్న తమ్ముళ్లూ, ఇది మీరు వినాలి. ముందు టార్చి వేసి నీళ్ల రంగు చూడండి. తేటగా వస్తోందా, కనిపెట్టుకుని ఉండండి. బురదగా వస్తోందా, కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, బుంగ పడుతోంది. అప్పుడు చాలామంది చేసే పని ఏంటి? బయటి రంధ్రంలో బస్తా కూరుతారు. అలా చేయొద్దు. ఇక్కడ మూస్తే నీళ్లు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటాయి. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు వేయాలి. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి కొంచెం నీళ్లు నిలిస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. లోపలి వైపు నీటి మీద సుడి తిరుగుతోందేమో వెతకాలి. సుడి ఉన్న చోటే నోరు. అక్కడ టార్పాలిన్, దాని మీద బస్తాలు. నీళ్లలోకి మాత్రం మనిషి దిగకూడదు, లాగేస్తుంది. బస్తా మూతి దాకా నింపకండి, మూడింట రెండు వంతులే ఇసుక పోయండి. అప్పుడే ఒకదానిమీద ఒకటి ఒదిగి కూర్చుంటాయి. ఈ బస్తాలు, ఇసుక కుప్ప జూన్‌లోనే కట్ట దగ్గర ఉండాలి. అర్ధరాత్రి వానలో ఇసుక ట్రాక్టరు దొరకదు.

ఇక నీళ్ల పంపకం. ఒక క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున, నీళ్లు ఒక రాత్రీ పగలూ పారితే రెండెకరాల్లో అడుగు లోతు నిలుస్తాయి. రాత్రి తొమ్మిదింటికి తూము మూయడం మరిచి పొద్దున ఆరింటికి మూశారనుకోండి, క్యూసెక్కు చొప్పున చూసినా నాలుగెకరాలకు ఒక తడి వాగులో కలిసింది. యాసంగిలో అదే నీళ్లు చివరి తడి, గింజ పాలుపోసుకునే తడి.

యాసంగికి తైబంది కట్టడం, అంటే ఉన్న నీళ్లను బట్టి ఎంత భూమికి పారించాలో ముందే తేల్చడం, మన పెద్దలకు తెలిసిన పద్ధతే. లెక్క చూద్దాం. సంక్రాంతి ముందు చెరువులో 12 మిలియన్ ఘనపుటడుగులు ఉన్నాయనుకుందాం. ఎండకు, ఊటకు, చేపకు మూడో వంతు తీసేయండి. 8 మిగిలాయి. ఒక మిలియన్ అంటే 23 ఎకరాల్లో అడుగు లోతు. 8 మిలియన్లంటే 184 ఎకరాల అడుగులు. యాసంగి వరికి ఎకరానికి నాలుగడుగులు వేసుకుంటే 46 ఎకరాలు పండుతుంది. ఆయకట్టు 120 ఎకరాలు. అందరూ నాట్లు వేస్తే అందరిదీ ఎండుతుంది. దామాషా ప్రకారం పంచితే ఎకరం, అంటే 40 గుంటలు, ఉన్నవాళ్లకు 15 గుంటలు. ఆ 46 ఎకరాలు తూము దగ్గర ఒక్క చెక్కగా వేయాలి, కాలువలో నీళ్లు ఇంకిపోకుండా ఉంటాయి. చివరి మడి రైతుకు ఆ సీజనుకు తూము దగ్గరి భూమిలో 15 గుంటలు ఇవ్వాలి. ఇది కష్టం, నాకు తెలుసు. పై రైతు ఒప్పుకోడు. అందుకే ఇది గ్రామసభలో, అందరి ముందు, నాట్లకు ముందే తేలాలి. మక్కలు, పల్లి లాంటి ఆరుతడి పంటలైతే అవే నీళ్లకు దాదాపు రెట్టింపు భూమి పారుతుంది, అదీ అక్కడే చెప్పుకోవాలి.

జీతం ఎక్కడి నుంచి? 120 ఎకరాలకు పంటకు ఎకరానికి 300 రూపాయలు వేసుకోండి. వానాకాలం 36 వేలు. యాసంగిలోనూ, తైబందిలో వాటా వచ్చింది కాబట్టి, అందరూ ఇస్తే ఇంకో 36 వేలు. నెలకు 6 వేలు పడుతుంది. పూర్తి బతుకుదెరువు కాదు. అందుకే మత్స్య సంఘం కొంత కలపాలి, తుప్పలు కొట్టడం, కాలువ పూడిక లాంటివి ఉపాధి పనుల్లో పెట్టించుకోవాలి. నీరటి ఒక్కడి మీదే పార, తట్ట పెట్టొద్దు. ఆయన పని చూడడం, చెప్పడం, తూము తిప్పడం. నీళ్లు తక్కువున్న ఏడాది డబ్బులు కట్టం అని ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. నీళ్లు తక్కువున్న ఏడాదే ఆయన పని ఎక్కువ, ఇది ముందే చెప్పుకోవాలి.

అక్కలకు ఒక మాట. బతుకమ్మకు ముందు పంచాయతీ ఘాటు ఊడిపిస్తుంది, లైట్లు పెడుతుంది. ఊరంతా కట్ట మీదికి ఎక్కేది ఆ రోజుల్లోనే. మామూలుగా చెరువు నిండుగా ఉండేదీ అప్పుడే, కట్ట వెనక తడి బయటపడేదీ అప్పుడే. ఘాటు శుభ్రం చేసే రోజే కట్ట వెనక కాలి దాకా తుప్పలు కొట్టించమని మహిళా సంఘాలు పట్టుబట్టండి. మైసమ్మకు బోనం ఎత్తే రోజును రోహిణి కార్తె నడక రోజుగా పెట్టుకున్నా మంచిదే. ఊరంతా ఎలాగూ అక్కడే ఉంటారు, వేరే డప్పు చాటింపు అక్కర్లేదు.

తీర్మానం ఎలా రాయాలని ఇందాక ఒక అన్న అడిగారు. చెరువు పేరు, సర్వే నంబరు రాయండి. నీరటి పేరు, జీతం, ఎన్నాళ్లకో రాయండి. హ్యాండిల్ ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఊళ్లో లేని రోజు ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. మత్తడి గడప ఎత్తు ఇంత, దాని మీద ఎవరూ ఏమీ పెట్టకూడదు, కొట్టకూడదు అని రాయండి. డబ్బు వేసే ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి, ఒకరు చివరి మడి రైతు కావాలి. నకళ్లు నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కి, తహసీల్దారుకు, మత్స్య సంఘానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇంకో నకలు కింది చెరువున్న ఊరి పంచాయతీకి కూడా పంపండి.